కాలాన్ని కొలిచిన కారీగరు: అల్ జజరీ

నమాజు వేళలు నిర్ణయించి విధిగా చేయబడిన ఆరాధన. వేళ కాకముందే చేస్తే అది నెరవేరదు, వేళ దాటిపోతే ఖజా అవుతుంది. రోజా విరమించడానికి సూర్యుడు అస్తమించాలి. జకాత్ విధి కావడానికి సంపదపై సంవత్సరం నిండాలి. హజ్‌కు నెలా తేదీ నిర్ణయమై ఉన్నాయి. దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు కాలం పేరే ఉంది, అందులో అల్లాహ్ కాలం మీద ప్రమాణం చేశాడు. తన జీవితమంతా వేళలతో ముడిపడి ఉన్న ముస్లిముకు కాలాన్ని సరిగ్గా కొలవడం విలాసం కాదు, అవసరం. ఆ అవసరమే ముస్లిం సమాజంలో గొప్ప గొప్ప ఖగోళ శాస్త్రవేత్తలను, గడియారాల నిర్మాతలను తయారు చేసింది.

నల్లగొండలో గడియారం సెంటర్ ఉంది. మహబూబ్‌నగర్‌లో గడియారం చౌరస్తా ఉంది. అడ్రసు చెప్పడానికి ఆ పేర్లు రోజూ మన నోట పలుకుతాయి. చార్మినార్ నాలుగు ముఖాలకు గడియారాలు అమర్చింది 1889లో. అయితే గడియారం అనే మాట ఈ ముళ్ల గడియారాలకంటే చాలా పాతది. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది మెల్లగా నిండి మునగడానికి పట్టే కాలాన్ని మన దేశంలో గడియగా లెక్కించేవారు. సరిగ్గా అటువంటి గిన్నెనే ఎనిమిది వందల ఏళ్ల క్రితం ఒక ముస్లిం కారీగరు ఏనుగు బొమ్మ కడుపులో పెట్టి, అరగంటకోసారి దానంతటదే మోగే యంత్రాన్ని తయారు చేశాడు. దాన్ని ఎలా చేయాలో ప్రపంచానికి రాసి ఇచ్చాడు. ఆయనే అల్ జజరీ.

జజీరా బిడ్డ

ఆయన పూర్తి పేరు బదీవుజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ ఇబ్నుర్రజ్జాజ్ అల్ జజరీ. బదీవుజ్జమాన్ అంటే తన కాలపు అద్భుతం అని అర్థం, ఇది బిరుదు. రజ్జాజ్ అంటే బియ్యం వర్తకుడు. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల ఎగువ భాగాల నడుమ ఉన్న ప్రాంతాన్ని అరబ్బులు జజీరా అనేవారు. ఆ గడ్డవాడు కనుక అల్ జజరీ అయ్యారు. నేటి టర్కీ ఆగ్నేయ భాగంలోని దియార్‌బకిర్ నగరమే ఆయన పనిచేసిన చోటు. ఆ రోజుల్లో దాన్ని ఆమిద్ అనేవారు.

ఆ కాలం అలజడుల కాలం. ఒకవైపు సిలువ యుద్ధాలు, మరోవైపు సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ నాయకత్వంలో ముస్లిం రాజ్యాల సమీకరణ. ఆమిద్‌ను ఏలిన అర్తుఖీ వంశపు రాజుల ఆస్థానంలో జజరీ హిజ్రీ 570లో (క్రీ.శ. 1174) కొలువులో చేరారు. తండ్రి, ఆ తర్వాత ఆయన ఇద్దరు కుమారులు ఒకరి వెంట ఒకరు రాజులయ్యారు. ముగ్గురి దగ్గరా జజరీ పనిచేశారు. ఇరవై అయిదేళ్లు గడిచాక మూడో రాజు నాసిరుద్దీన్ మహ్మూద్ ఒక మంచి మాట ఆలోచించాడు. ఈ యంత్రాలు సాటిలేనివే, కానీ చేసినవాడు కన్నుమూస్తే ఆ విద్య కూడా వెళ్లిపోతుంది. కాబట్టి వాటన్నిటినీ పుస్తకంగా రాయమని జజరీని ఆదేశించాడు. అలా హిజ్రీ 602లో (క్రీ.శ. 1206) యంత్ర నిర్మాణంపై ఆయన అరబీ గ్రంథం పూర్తయింది. అదే ఏడు ఆయన కన్నుమూశారని చరిత్రకారులు చెబుతారు.

ఆ గ్రంథంలో 50 యంత్రాలున్నాయి. వాటిని ఆరు భాగాలుగా విభజించారు. మొదటి భాగమంతా గడియారాలే, మొత్తం పది. అందులో ఆరు నీటితో, నాలుగు కొవ్వొత్తితో నడిచేవి. తక్కిన భాగాల్లో పాత్రలు, ఫౌంటెన్లు, నీటిని పైకి తోడే యంత్రాలు, తాళాలు, తలుపులు ఉన్నాయి. రాజుల పానగోష్ఠుల కోసం చేసిన పాత్రలు కూడా ఉన్నాయి. అవి మనకు ఆదర్శం కావు. ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాలు చెప్పింది కూడా మన పాఠకులకు తెలిసిందే. ఆయన నుంచి మనం తీసుకోవలసింది ఆ బొమ్మలను కాదు, ఆ పనితనాన్ని, ఆ పనిలోని నిజాయితీని.

నీటికి నేర్పిన క్రమశిక్షణ

నీటి గడియారం చూడటానికి తేలికగా కనిపిస్తుంది. కుండకు అడుగున రంధ్రం చేస్తే నీరు కారుతుంది, కారిన నీటిని బట్టి కాలం చెప్పవచ్చు. కానీ చిక్కు ఇక్కడే ఉంది. కుండ నిండుగా ఉన్నప్పుడు నీరు జోరుగా కారుతుంది, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. మొదటి గంటకు కారినంత నీరు ఆఖరి గంటకు కారదు. మట్టం నాలుగు రెట్లయితే గాని ధార వేగం రెట్టింపు కాదు. ఈ నియమాన్ని ఇటలీకి చెందిన టోరిచెల్లీ 1644లో ప్రచురించాడు. అంతకు నాలుగు శతాబ్దాలకు పైగా ముందే జజరీ ఈ చిక్కుతో చేతులారా తలపడ్డారు.

మట్టం ఎప్పుడూ ఒక్కలా ఉండేందుకు ఆయన పెద్ద తొట్టికి కింద ఒక చిన్న గది పెట్టారు. అందులో నీటిపై తేలే బెండు, దాని నెత్తిన మొనదేలిన బిరడా. గదిలో నీరు తగ్గితే బెండు దిగుతుంది, పై గొట్టం తెరుచుకుంటుంది. నీరు నిండితే బెండు లేచి గొట్టాన్ని మూసేస్తుంది. ఈ ఉపాయాన్ని తన ముందువారి నుంచి తీసుకున్నానని ఆయన దాచకుండా చెప్పారు. ఈనాడు మన ఇళ్ల మీది నీటి ట్యాంకులో బంతి వాల్వు చేసే పని కూడా ఇదే.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆ రోజుల్లో పగటిని పన్నెండు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గంట అనేవారు. వేసవిలో పగలు పెద్దది కనుక గంట పెద్దది, చలికాలంలో గంట చిన్నది. మన నల్లగొండలో పొడుగైన పగటికీ పొట్టి పగటికీ మధ్య తేడా సుమారు రెండు గంటలే. ఉత్తరాన ఉన్న దియార్‌బకిర్‌లో ఆ తేడా సుమారు అయిదు గంటలు. అంటే గడియారం నడక రోజురోజుకూ కొద్దికొద్దిగా మారాలి. నీరు కారే రంధ్రాన్ని పైకీ కిందికీ తిప్పితే ధార మారుతుంది. దాన్ని ఏ రోజు ఎక్కడ ఉంచాలో పూర్వులు ఒక అర్ధవృత్తంపై గీతలు గీసి చెప్పారు. జజరీ ఆ అర్ధవృత్తాన్ని తయారు చేసి చూశారు. లెక్క కుదరలేదు. పెద్దల మాట కదా అని ఆయన సరిపెట్టుకోలేదు. నీటిని వదిలి, కొలిచి, సరిచేసి, మళ్లీ కొలిచి, చివరకు పూర్తి వృత్తాన్ని తయారు చేసి దానిపై గీతలు పెట్టారు.

అలా తయారైన కోట గడియారం దాదాపు 11 అడుగుల ఎత్తుండేది. ప్రతి గంటకూ ఒక తలుపు తెరుచుకునేది, రెండు డేగల నోటి నుంచి గుండ్లు జారి పాత్రల్లో పడి మోగేవి. ఆరో గంటకు, తొమ్మిదో గంటకు, పన్నెండో గంటకు బాకాలు, డోళ్లు మోగేవి. మన నమాజు వేళలతో పోల్చి చూస్తే ఆరో గంట ముగిసేది పొద్దు వాలే వేళకు, తొమ్మిదో గంట అసర్ ప్రాంతానికి, పన్నెండో గంట మగ్రిబ్‌కు.

ఏనుగు కడుపులో గిన్నె

ఏనుగు గడియారం జజరీ యంత్రాలన్నిటిలోకీ పేరుపొందింది. ఏనుగు కడుపులో నీటి తొట్టి, దానిపై రంధ్రమున్న గిన్నె. గిన్నె మునగడానికి అరగంట పడుతుంది. మెల్లగా దిగుతున్న గిన్నె ఒక దారాన్ని లాగుతూ ఉంటే, ఏనుగు వీపు మీద కూర్చున్న లేఖకుని కలం గీతల మీద తిరుగుతూ ఎంత సమయం గడిచిందో చూపుతుంది. గిన్నె పూర్తిగా మునగగానే పైనుంచి ఒక గుండు విడుదలై పాము నోట్లో పడుతుంది. ఆ బరువుకు పాము కిందికి వంగుతుంది. వంగుతూ గొలుసుతో గిన్నెను నీటిలోంచి పైకి లాగుతుంది. మావటి ఏనుగును కొడతాడు. పాము గుండును జారవిడిచి తిరిగి లేస్తుంది. ఖాళీ అయిన గిన్నె మళ్లీ నీటిపై తేలుతూ రెండో అరగంట మొదలుపెడుతుంది.

మన గడియ గిన్నె మునిగిన ప్రతిసారీ ఒక మనిషి దాన్ని తీసి మళ్లీ తేల్చాలి. అతనికి కునుకు పడితే కాలం తప్పిపోతుంది. జజరీ గిన్నెకు ఆ మనిషి అవసరం లేదు. ఒక పని ముగింపే మరో పనికి మొదలయ్యేలా కూర్చడం, ఇంజనీరింగ్ విద్యార్థులు ఈనాటికీ నేర్చుకునే పాఠం ఇదే.

చేసి చూడనిదే చెప్పలేదు

జజరీ గ్రంథంలో మనల్ని అన్నిటికంటే ఆకట్టుకునేది ఆయన పద్ధతి. పరీక్షకు నిలవని విద్య నిజానికీ అబద్ధానికీ మధ్య ఊగిసలాడుతుందని ఆయన నమ్మకం. అందుకే తన చేత్తో చేసి, నడిపించి చూసిన వాటినే రాశారు. అంతకుముందు ఒకరు చేసిన కొవ్వొత్తి గడియారాన్ని పరిశీలించి, అందులోని లోపాలను చెప్పి, వాటిని సరిదిద్ది తనది తయారు చేశారు.

ఏ కొలత ఎంత, ఏ లోహం వాడాలి, ఏ ముక్కను ముందు అతకాలి, ఏది తర్వాత అన్నదంతా వరుసగా రాశారు. ప్రతి యంత్రానికీ బొమ్మ గీసి, భాగాలకు అక్షరాలతో గుర్తులు పెట్టారు. క్లిష్టమైన భాగాలను ముందు కాగితంతో చేసి చూసుకోవడం, బిరడా దాని గూటిలో నీరు కారకుండా అమరేదాకా కురుందంపొడితో నూరడం, చెక్క వంకరపోకుండా పలుచని పలకలను ఒకదానిపై ఒకటి అతికించడం, చక్రం ఒకపక్కకు బరువెక్కకుండా తూకం సరిచూడటం, ఇసుక అచ్చుల్లో లోహాన్ని పోతపోయడం, ఇవన్నీ ఆ పుటల్లో ఉన్నాయి. ఇది రాజును పొగడటానికి రాసిన పుస్తకం కాదు. తన తర్వాత వచ్చే పనివాడి చేతికి అందించిన పాఠ్యపుస్తకం. అందులోని మొదటి పాఠాలు గడియారాలే కావడం గమనించదగింది. గడియారం అబద్ధమాడలేదు. చేసినవాని లెక్క తప్పయితే సాయంత్రానికల్లా సూర్యుడే ఆ తప్పును బయటపెడతాడు.

పనివాళ్లు తమ గుట్టును కొడుకుకు తప్ప ఇతరులకు చెప్పకపోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. జజరీ తన గుట్టంతా విప్పి పెట్టారు. ప్రయోజనకరమైన విద్యను వెనుక వదిలి వెళ్లినవారికి మరణానంతరం కూడా పుణ్యం అందుతూనే ఉంటుందని మనం హదీసుల్లో చదువుతుంటాం. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? ఆ గ్రంథం చేతిరాత ప్రతులు ఇస్తాంబుల్‌లో నేటికీ భద్రంగా ఉన్నాయి. 1974లో డొనాల్డ్ హిల్ అనే ఇంజనీరు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1976లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ పుస్తకం చూసి కోట గడియారాన్ని మళ్లీ నిర్మిస్తే అది నడిచింది. రాసిన ఏడు వందల డెబ్బై ఏళ్లకు కూడా ఆ పాఠం పనిచేసింది.

రాజు వుజూ, రైతు నీరు

జజరీ యంత్రాల్లో ఒకటి మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోదగింది. వుజూ చేసుకునేటప్పుడు సేవకులు తన చేతులపై నీళ్లు పోయడం రాజుకు నచ్చేది కాదు. అందుకు ఏదైనా ఉపాయం చేయమని జజరీని కోరాడు. ఆయన ఒక యంత్రాన్ని తయారు చేశారు. అది తగినంత ధారగా నీరు పోస్తుంది, వుజూ ముగిసే వేళకు తుడుచుకోవడానికి తువ్వాలు కూడా అందిస్తుంది. మనిషి చేత చేయించుకోవడానికి మొహమాటపడిన పనిని యంత్రానికి అప్పగించడం ఎంత సున్నితమైన ఆలోచన!

నీటిని తోడే యంత్రాలు అయిదు. పాలమూరు రైతుకు వీటి విలువ వేరే చెప్పాలా? మోటబావి దగ్గర ఎడ్లతో నీరు తోడి పైరు తడిపిన తరాలు మన కళ్లముందే వెళ్లిపోయాయి. జజరీ యంత్రాల్లో పశువు చేత తిప్పించేవి ఉన్నాయి, పారే నీటి బలంతోనే నడిచేవీ ఉన్నాయి. ఒకదానిలో చక్రం తిరిగితే రెండు పంపులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకూ వెనక్కూ కదిలి నీటిని పీల్చి పైకి నెడతాయి. నేటి ట్రాక్టరు ఇంజనులో పిస్టన్ కదలిక క్రాంకును తిప్పుతుంది. జజరీ పంపులో తిరిగే చక్రం పిస్టన్లను కదిలించింది. రెండింటి వెనుక ఉన్న ఉపాయం ఒక్కటే.

చేతిపనిని చిన్నచూపు చూడరాదు

ఇప్పుడు మన ఇళ్ల సంగతి ఆలోచిద్దాం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ పట్టణానికి వెళ్లినా మెకానిక్ షాపుల్లో, వెల్డింగ్ షాపుల్లో, మోటారు వైండింగ్ దుకాణాల్లో ముస్లిం యువకులు కనిపిస్తారు. చెవితో విని ఇంజను జబ్బు చెప్పగలరు. అయినా సంబంధాల మాట వచ్చేసరికి వాళ్లను తక్కువగా చూస్తాం. మరోవైపు కాలేజీలో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి మార్కులు బాగానే వస్తాయి, స్క్రూడ్రైవర్ పట్టడం మాత్రం రాదు. ఒకరికి పుస్తకం లేదు, మరొకరికి చెయ్యి లేదు. జజరీ దగ్గర ఈ రెండూ కలిసి ఉన్నాయి. మనం వాటిని విడదీసి ఇద్దరినీ నష్టపరుస్తున్నాం.

ధర్మం మనకు నేర్పింది ఇది కాదు. నూహ్ (అ) అల్లాహ్ ఆజ్ఞతో ఓడ నిర్మించారు. జకరియ్యా (అ) వడ్రంగి పని చేసేవారు. దావూద్ (అ) తన చేతి కష్టంతోనే తినేవారని హదీసుల్లో ఉంది. ఆయనకు ఇనుము మెత్తనయ్యేలా చేసి, కవచం కడియాలను సరైన కొలతతో కూర్చమని అల్లాహ్ ఆదేశించిన విషయం సూరె సబాలో ఉంది. కొలత తప్పని పని ఒక ప్రవక్తకు ఇచ్చిన ఆదేశమైతే, ఆ పని చేసే చెయ్యి తక్కువదెలా అవుతుంది?

మన దక్కన్‌లో కూడా ఈ స్పృహ ఉన్నవారు లేకపోలేదు. 19వ శతాబ్దం తొలి సగంలో హైదరాబాదు పాయిగా నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమరా యంత్రశాస్త్రం మొదలైన విషయాల మీద ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి అనువదింపజేసి అచ్చు వేయించారు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. 1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వెలిసింది. విద్య మన గడప దాకా వచ్చింది. దాన్ని లోపలికి తీసుకోవలసింది మనమే.

ఒక గిన్నె, ఒక కర్ర

పిల్లలకు జజరీ కథ చెప్పి ఊరుకోకుండా ఆయన పద్ధతిని ఇంట్లోనే నేర్పవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. పలుచని చిన్న గిన్నె ఒకటి తీసుకుని అడుగున సూది మొనంత రంధ్రం చేయించండి. బకెట్ నీళ్లలో తేల్చి, మునగడానికి ఎంతసేపు పట్టిందో గోడ గడియారంలో చూసి రాయమనండి. మూడుసార్లు చేసి మూడూ ఒక్కలా వచ్చాయేమో పోల్చమనండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి. గిన్నె ఒకపక్కకు ఒరిగిందా? నీటిలో నలుసు అడ్డుపడిందా? పది నిమిషాలకు మునిగే గిన్నె కావాలంటే రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ రావాలి. ఒక్కసారిగా పెద్దది చేస్తే మళ్లీ తగ్గించలేం. ఓపిక అన్న మాటకు అర్థం అప్పుడు తెలుస్తుంది.

రెండోది ఇంకా సులువు. ఎండ పడే చోట ఒక కర్రను నిట్టనిలువుగా పాతి, దాని నీడ కొసను అరగంటకోసారి గుర్తు పెట్టమనండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నది మిట్టమధ్యాహ్నం. అక్కడి నుంచి పెరగడం మొదలైతే జుహర్ వేళ వచ్చినట్లు. మధ్యాహ్నపు నీడను వదిలేసి, మిగిలిన నీడ కర్ర పొడవుకు సమానమైనప్పుడు షాఫయీల ప్రకారం అసర్ మొదలవుతుంది. రెండింతలైనప్పుడు హనఫీల ప్రకారం. మన ప్రాంతంలో మే నెల మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. ఫిఖ్హ్ పుస్తకంలో మధ్యాహ్నపు నీడను మినహాయించాలని ఎందుకు రాశారో ఆ రోజు పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు. మసీదు గోడకున్న నమాజు వేళల పట్టిక వెనుక ఎంత లెక్క ఉందో కూడా వాళ్లకు అర్థమవుతుంది.

ఆడపిల్లలను ఈ పనికి దూరం పెట్టకండి. గిన్నె, నీళ్లు, కొలత వాళ్లకు కొత్తవి కావు. దుకాణంలో పనిచేసే అన్న ఉంటే రంధ్రం చేసే బాధ్యత అతనికి, రాసే బాధ్యత చదువుకునే తమ్ముడికి ఇవ్వండి. పుస్తకం, చెయ్యి ఆ ఇంట్లో మళ్లీ కలుస్తాయి.

కాలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. జజరీ దాన్ని కొలవడం నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని పరీక్షించారు, పరీక్షించినదాన్ని ఇతరులకు అందించారు. ప్రళయదినాన మన ఆయుష్షును ఎందులో గడిపామో, మనకున్న జ్ఞానంతో ఏం చేశామో ప్రశ్నించబడతాం. ఆ ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగే జీవితాన్ని అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! చేసే ప్రతి పనినీ చక్కగా చేసే సద్బుద్ధినిచ్చుగాక! ఆమీన్.